కీలు మార్పిడి తర్వాత ఎముక కరిగిపోవడం, నానో కణాల చికిత్స: తరచుగా అడిగే ప్రశ్నలు

కృత్రిమ కీలు బాగానే తిరుగుతోంది కదా, దాని చుట్టూ ఉన్న ఎముక ఎందుకు కరుగుతుంది?

తుంటి కీలు మార్చినప్పుడు లోహపు బంతి గానీ సెరామిక్ బంతి గానీ పాలిథిలిన్ అనే గట్టి ప్లాస్టిక్ గిన్నెలో తిరుగుతుంది. ఆ గిన్నెనే లైనర్ అంటారు. మోకీలులో తొడ ఎముక చివర తొడిగిన లోహపు భాగం పాలిథిలిన్ పలక మీద జారుతుంది. ఏడాదికి ఒక్కో కాలు మీద సుమారు 10 లక్షల అడుగులు పడతాయి. అడుగు అడుగుకీ ప్లాస్టిక్ కొంత అరిగి రజనుగా రాలుతుంది.

ఎంత రాలుతుందో ఒక లెక్క చూడండి. 28 మి.మీ. బంతి ఏడాదికి 0.1 మి.మీ. చొప్పున లైనర్‌లోకి దిగితే దాదాపు 60 ఘన మి.మీ. ప్లాస్టిక్ పోయినట్టు. అదంతా అర మైక్రాన్ (మైక్రాన్ అంటే మి.మీ.లో వెయ్యో వంతు) కణాలుగా విడిపోయిందనుకుంటే సుమారు 90 వేల కోట్ల కణాలు అవుతాయి. అంటే అడుగుకు లక్షల్లో.

ఎముకకు నేరుగా హాని చేసేది ఈ ప్లాస్టిక్ కాదు. 10 మైక్రాన్ల కన్నా చిన్న రజను దేన్నైనా మన శరీరాన్ని కాపాడే మాక్రోఫేజ్ అనే రోగనిరోధక కణాలు మింగేస్తాయి. అందులోనూ మైక్రాన్ కన్నా చిన్నవి వాటిని ఎక్కువగా రెచ్చగొడతాయి. బ్యాక్టీరియాను అరిగించుకున్నట్టు పాలిథిలిన్‌ను అవి అరిగించుకోలేవు. మింగిన మాక్రోఫేజ్ చనిపోతుంది, రజను బయటపడుతుంది, దాన్ని ఇంకో మాక్రోఫేజ్ మింగుతుంది. ఈ క్రమంలో టీఎన్‌ఎఫ్ ఆల్ఫా, ఇంటర్‌ల్యూకిన్ 1, ఇంటర్‌ల్యూకిన్ 6, ప్రోస్టాగ్లాండిన్ ఇ2 వంటి రసాయనాలు ఊరుతూనే ఉంటాయి. వాటి ప్రభావంతో ర్యాంక్ లైగాండ్ అనే ప్రొటీన్ పెరుగుతుంది. దాన్ని అడ్డుకోవాల్సిన ఆస్టియోప్రోటెజెరిన్ చాలదు. అప్పుడు ఎముకను తినే ఆస్టియోక్లాస్ట్ కణాలు లెక్కకు మించి తయారవుతాయి. ఎముక కట్టే ఆస్టియోబ్లాస్ట్‌లు కూడా మందగిస్తాయి. ఇంప్లాంట్ (అమర్చిన కృత్రిమ కీలు) చుట్టూ ఎముక ఉండాల్సిన చోట మెత్తటి పొర పేరుకుంటుంది. దీన్నే ఆస్టియోలైసిస్ అంటారు.

1970లలో, 80లలో ఇంప్లాంట్‌ను అతికించే సిమెంట్‌దే తప్పనుకుని దీన్ని ‘సిమెంట్ జబ్బు’ అన్నారు. సిమెంట్ వాడని ఇంప్లాంట్ల చుట్టూ కూడా ఎముక కరగడం చూశాక, సిమెంట్ ముక్కలైనా ప్లాస్టిక్ రజనైనా లోహపు రజనైనా అసలు కారణం రాలిన రజను కణమేనని తేలింది.

ఇది ఇన్ఫెక్షనా?

కాదు. కానీ ఇన్ఫెక్షన్ లేదని తేల్చుకోకుండా ‘ఇది అరుగుదలే’ అనకూడదు. నెమ్మదిగా ముదిరే ఇన్ఫెక్షన్ ఎక్స్‌రేలో అచ్చం ఇలాగే కనిపిస్తుంది, దాని చికిత్స పూర్తిగా వేరు.

ముందు ఒంట్లోని వాపు, మంటను చూపే ఈఎస్‌ఆర్, సీఆర్‌పీ పరీక్షలు రక్తంలో చేస్తారు. ఆపరేషన్ జరిగి నెలలు, ఏళ్లు గడిచిన కీలులో ఈఎస్‌ఆర్ గంటకు 30 మి.మీ. దాటినా, సీఆర్‌పీ లీటరుకు 10 మి.గ్రా. దాటినా కీలులోని నీరు సూదితో తీసి పరీక్షించాలి. ఆ నీటిలో మైక్రోలీటరుకు 3,000 కన్నా ఎక్కువ తెల్లకణాలు ఉండి, వాటిలో 80 శాతం పైగా న్యూట్రోఫిల్స్ అయితే ఇన్ఫెక్షన్ అనుమానం బలపడుతుంది. సూక్ష్మజీవులను పెంచి చూసే కల్చర్‌ను 14 రోజులు ఉంచమని అడగాలి. క్యూటిబ్యాక్టీరియం వంటి బ్యాక్టీరియా చాలా నెమ్మదిగా పెరుగుతాయి. 5 రోజులకే ‘ఏమీ లేదు’ అని రిపోర్టు ఇచ్చేస్తే అవి దొరకవు.

ఇక్కడ తరచూ జరిగే పొరపాటు ఒకటుంది. నొప్పి అనగానే దగ్గర్లో ఎవరో యాంటీబయాటిక్ రాసిస్తారు, ఆ తర్వాత నీరు తీస్తే కల్చర్‌లో ఏమీ పెరగదు. రోగి స్థిమితంగా ఉంటే యాంటీబయాటిక్ ఆపి కనీసం 2 వారాలు గడిచాక నీరు తీయడం మేలు.

నాకు నొప్పే లేదు. అయినా ఎముక పోతూ ఉండొచ్చా?

పోతూ ఉండొచ్చు. ఈ జబ్బులో అసలు ప్రమాదం అదే. ఇంప్లాంట్ వదులయ్యేదాకానో ఎముక విరిగేదాకానో చాలామందికి ఏమీ తెలియదు. పైగా మామూలు ఎక్స్‌రేలో కనబడాలంటే ఆ చోట 30 నుంచి 50 శాతం ఖనిజం పోయి ఉండాలి. ముఖ్యంగా కటి ఎముకలో, లైనర్‌ను పట్టి ఉంచే లోహపు గిన్నె వెనక ఉన్న గుంటలు ఎక్స్‌రేకు దొరకవు. దొరికినా అసలు కన్నా చిన్నగా కనిపిస్తాయి. అనుమానం ఉంటే లోహపు మెరుపును తగ్గించే పద్ధతిలో సీటీ స్కాన్ తీసి గుంట ఎంత ఉందో కొలుస్తారు.

అరుగుదల వేగమే మంచి హెచ్చరిక. తుంటిలో బంతి ఏడాదికి 0.1 మి.మీ. కన్నా తక్కువ దిగుతుంటే ఆస్టియోలైసిస్ అరుదు. 0.05 కన్నా తక్కువైతే దాదాపు ఉండదు. ఒక మెలిక గుర్తుంచుకోవాలి. మొదటి ఏడాది, రెండేళ్లలో బరువుకు ప్లాస్టిక్ కొద్దిగా అణుగుతుంది. బంతి దిగినట్టు కనిపించినా అది అరుగుదల కాదు. అందుకే ఆ తర్వాతి ఎక్స్‌రేలను ఒకదానితో ఒకటి పోల్చి వేగం లెక్కకట్టాలి.

మందులతో ఆపలేరా?

ఈ జబ్బుకని ఆమోదం పొందిన మందు ఇవాళ్టికి ప్రపంచంలో ఎక్కడా లేదు. నానో మందు అనే కాదు, మామూలు మాత్ర కూడా లేదు.

ఎముక గుల్లబారడానికి వాడే అలెండ్రోనేట్ వంటి బిస్ఫాస్ఫొనేట్లు ఆపరేషన్ అయిన కొత్తలో ఎముక సాంద్రతను కొంత కాపాడతాయి. కానీ అప్పటికే పడిన గుంటలను అవి ఆపుతాయని స్పష్టంగా తేలలేదు. ఆస్టియోక్లాస్ట్‌ను అణచినా మాక్రోఫేజ్‌ల రభస ఆగకపోవడం ఒక కారణం. డెనోసుమాబ్ అనే ఇంజెక్షన్ ర్యాంక్ లైగాండ్‌నే పట్టుకుంటుంది కాబట్టి దానిమీద ఆశ ఎక్కువ. ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో జరిగి 2021లో వెలువడిన చిన్న ట్రయల్‌లో, తుంటి రివిజన్ సర్జరీకి (పాత ఇంప్లాంట్‌ను మళ్లీ మార్చే ఆపరేషన్) 8 వారాల ముందు ఒకే ఒక్క 60 మి.గ్రా. ఇంజెక్షన్ ఇచ్చి, సర్జరీలో తీసిన ముక్కలను పరీక్షించారు. ఎముక అంచున ఆస్టియోక్లాస్ట్‌లు చాలా తగ్గాయి. ఇది విలువైన ఫలితమే. అయితే ఆ మందు వల్ల రివిజన్ అవసరం తప్పుతుందా అన్నది ఆ ట్రయల్ తేల్చే ప్రశ్న కాదు. ఇంకో విషయం: డెనోసుమాబ్‌ను ప్రతి 6 నెలలకూ వేసుకుంటూ వచ్చి అర్ధంతరంగా మానేస్తే ఎముక ఒక్కసారిగా తరిగి వెన్నుపూసలు విరగవచ్చు.

స్టెరాయిడ్లు ఇన్‌ఫ్లమేషన్‌ను, అంటే ఈ వాపు, మంటను అణుస్తాయి. కానీ ఒళ్లంతా పాకి, నెలల తరబడి వాడితే అవే ఎముకను గుల్ల చేస్తాయి. మందు మంచిదే, వెళ్లే చోటు తప్పు. నానో కణాల ఆలోచన పుట్టింది ఈ ఇబ్బందిలోంచే.

నానో కణం ఏం చేస్తుంది? కీలు దగ్గరికే ఎలా వెళ్తుంది?

నానో కణం అంటే ఇక్కడ సుమారు 10 నుంచి 200 నానోమీటర్ల వాహకం. మైక్రాన్‌లో వెయ్యో వంతు ఒక నానోమీటరు. మందును అందులో నింపుతారు, లేదా దానికి అతికిస్తారు.

ఇన్‌ఫ్లమేషన్ ఉన్నచోట రక్తనాళాల గోడలు సడలి సందులు పడతాయి. మామూలు నాళాల్లోంచి బయటికి రాలేని వాహకం అక్కడ కారుతుంది. కారాక దాన్ని అక్కడున్న మాక్రోఫేజ్‌లే మింగుతాయి. రజనును మింగే కణమే మందునూ మింగుతుందన్నమాట. అమెరికాలోని నెబ్రాస్కా యూనివర్సిటీలో డాంగ్ వాంగ్ బృందం ఈ రెండు మెట్ల దారికి ఎల్విస్ అని పేరు పెట్టింది. వాళ్లు హెచ్‌పీఎంఏ అనే పాలిమర్ గొలుసుకు డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్‌ను హైడ్రజోన్ బంధంతో కట్టారు. రక్తంలో ఆ బంధం నిలుస్తుంది. మాక్రోఫేజ్ లోపల మింగినదాన్ని అరిగించే లైసోజోమ్ అనే సంచిలో పుల్లటి వాతావరణం, పీహెచ్ 5 దగ్గర, తెగుతుంది. ఎలుకల పుర్రె మీద రజను పోసి చేసిన ప్రయోగంలో ఆ మందు రజను ఉన్నచోటే పోగైంది, ఎముక కరగడమూ తగ్గింది.

ఏయే రకాలు ప్రయోగాల్లో ఉన్నాయి?

పీఎల్‌జీఏ కణాలు అందరికీ తెలిసినవి. ఇవి కరిగే కుట్ల దారాల జాతికి చెందిన పాలిమర్. 50:50 నిష్పత్తిలో చేస్తే నెల, రెండు నెలల్లో లాక్టిక్, గ్లైకోలిక్ ఆమ్లాలుగా విడిపోతాయి. వీటిలో వచ్చే చిక్కు మొదటి రోజు ఉప్పెన. ఉపరితలం మీద అంటుకున్న మందు 24 గంటల్లో ఒక్కసారిగా వచ్చేసి, తర్వాత ఇవ్వడానికి తక్కువ మిగులుతుంది.

లైపోజోమ్‌లు కొవ్వు బుడగలు. ఫాస్ఫాటిడిల్‌సెరిన్ కలిపి చేస్తే చనిపోతున్న కణంలా కనిపిస్తాయి. వాటిని మింగిన మాక్రోఫేజ్ పోరాటం మాని మరమ్మతు వైపు తిరుగుతుంది. మాక్రోఫేజ్‌లను చంపకుండా స్వభావం మార్చే ఈ దారి మాకు అన్నిటికన్నా ఆశాజనకంగా కనిపిస్తుంది. ఎందుకంటే ఎముక మానడానికీ మాక్రోఫేజ్‌లు కావాలి. క్లోడ్రోనేట్ లైపోజోమ్‌లతో వాటిని తుడిచిపెట్టే పద్ధతి ఎలుకల్లో మంచి పరిశోధన సాధనం. ఇన్ఫెక్షన్ పొంచి ఉండే ఇంప్లాంట్ పక్కన మనిషికి అది ప్రమాదం.

సీరియం ఆక్సైడ్ కణాలు మందును మోయవు, అవే మందు. సీరియం రెండు విద్యుదావేశ స్థితుల మధ్య అటూ ఇటూ మారుతూ, కణాల్లో పుట్టే చురుకైన ఆక్సిజన్ రూపాలను చల్లారుస్తుంది. బంగారు నానో కణాలు ర్యాంక్ లైగాండ్ సంకేతాన్ని మందగింపజేస్తాయని ల్యాబ్ పళ్లాల్లో చూశారు. ఈ రెండింటికీ ఉన్న లోపం అవి కరగకపోవడం. ఏళ్ల తర్వాత కాలేయంలో, ప్లీహంలో ఎంత మిగులుతుందన్నది తేలాలి.

ఎస్‌ఐఆర్‌ఎన్‌ఏ అనే జన్యు సందేశాన్ని ఆపే మందులనూ కొవ్వు కణాల్లో పెట్టి ప్రయత్నిస్తున్నారు. ఈ తరహాలో మొదటి మందు పాటిసిరాన్‌కు 2018లో అమెరికాలో ఆమోదం వచ్చింది. కానీ అది పనిచేసేది కాలేయంలో. రక్తంలోకి ఎక్కించిన నానో కణాల్లో ఎక్కువ భాగం వాటంతటవే వెళ్లేది కాలేయానికే కాబట్టి అక్కడ పని సులువు. ఎముకకు చేర్చాలంటే ఖనిజానికి అతుక్కునే గుర్తు కావాలి. అలెండ్రోనేట్‌నో ఆస్పార్టిక్ ఆమ్లపు పొట్టి గొలుసునో కణం ఒంటికి తగిలించేది అందుకే.

రజను వల్లే జబ్బు వస్తుంటే, మళ్లీ ఇంకో రజను ఎక్కించడం ఏమిటి?

చాలా సరైన ప్రశ్న. కరుగుతుందా, దేనితో చేశారు, పైపొర ఏమిటి, ఎంత మోతాదు అన్నవి తేడా తెస్తాయి. పాలిథిలిన్ ఎప్పటికీ కరగదు. పీఎల్‌జీఏ, కొవ్వు బుడగలు కరుగుతాయి. కానీ చిన్నది కాబట్టి మంచిదనుకోవడం తప్పు. లోహం మీద లోహం రాసుకునే తుంటి ఇంప్లాంట్లలో రాలిన కోబాల్ట్ క్రోమియం రజను కూడా నానో పరిమాణంలోదే. అది చుట్టూ కండను పాడుచేసి గడ్డలు తెచ్చింది. ఏఎస్‌ఆర్ అనే అలాంటి ఇంప్లాంట్‌ను 2010 ఆగస్టులో ప్రపంచమంతటా వెనక్కి తీసుకున్నారు. మన దేశంలోనూ అవి అమర్చుకున్నవాళ్లున్నారు. అలాంటి ఇంప్లాంట్ ఉన్నవాళ్లకు రక్తంలో కోబాల్ట్, క్రోమియం పరీక్ష చేస్తారు. లీటరుకు 7 మైక్రోగ్రాములు దాటితే మరింత లోతుగా చూడాలన్నది బ్రిటన్ నియంత్రణ సంస్థ పెట్టిన గీత.

ఇంప్లాంట్ మీదే మందు పూత పూస్తే సరిపోదా?

దీనికోసం కృషి బాగా జరుగుతోంది. టైటానియాన్ని ఫ్లోరైడ్ ద్రావణంలో పెట్టి విద్యుత్తు పంపితే ఉపరితలం మీద నిలువుగా నానో గొట్టాలు లేస్తాయి. వోల్టేజీ పెంచితే గొట్టం వెడల్పు పెరుగుతుంది. వాటిలో మందు నింపుతారు. స్టాన్‌ఫర్డ్‌లో స్టూవర్ట్ గుడ్‌మన్ బృందం మాక్రోఫేజ్‌లను పిలిచే ఎంసీపీ 1 ప్రొటీన్‌కు, ఆ పిలుపును అడ్డుకునేలా మార్పు చేసిన రూపాన్ని టైటానియం కడ్డీల మీద పొర మీద పొరగా పూసి ఎలుకల్లో పరీక్షించింది.

రెండు కష్టాలు ఉన్నాయి. ఇంప్లాంట్‌ను ఎముకలోకి సుత్తితో దిగగొడతారు. ఆ రాపిడికి పూత లేస్తే, లేచిన పెచ్చు బంతికీ లైనర్‌కీ మధ్య ఇరుక్కుని అరుగుదలను ఇంకా పెంచుతుంది. రెండోది కాలం. పూతలోని మందు వారాల్లో అయిపోతుంది, ఆస్టియోలైసిస్ కనిపించేది చాలా ఏళ్ల తర్వాత. కాబట్టి ఇలాంటి పూతలు మొదటి నెలల్లో ఎముక ఇంప్లాంట్‌ను గట్టిగా పట్టుకోవడానికే ఎక్కువ ఉపయోగం.

‘గోల్డ్ నీ’ అంటే నానో చికిత్సేనా?

కాదు. హైదరాబాద్‌లోనూ విజయవాడలోనూ ప్రకటనల్లో కనిపించే బంగారు రంగు మోకీలులో బంగారం ఉండదు. అది టైటానియం నైట్రైడ్ వంటి సెరామిక్ పూత, మందం కొన్ని మైక్రాన్లు. నికెల్, కోబాల్ట్ వంటి లోహాలు పడనివాళ్లకు లోహం విడుదల తగ్గించడం దాని ఉద్దేశం. అందులో మందేమీ లేదు. స్వర్ణ భస్మం గురించి కూడా అడుగుతుంటారు. ల్యాబ్‌లో వాడే బంగారు కణాలకూ దానికీ పరిమాణం, పైపొర, మోతాదు వేరు. ఈ జబ్బుకు దాన్ని వాడవచ్చనడానికి ఆధారం లేదు.

ఎలుకల్లో పనిచేసిందంటున్నారు. మనుషులకు ఎందుకు రాలేదు?

ఆ ఎలుక ప్రయోగం ఎలా చేస్తారో తెలిస్తే అర్థమవుతుంది. 6 నుంచి 8 వారాల వయసు ఎలుక పుర్రె ఎముక మీద తరచుగా 30 మి.గ్రా. టైటానియం పొడిని ఒకేసారి పరుస్తారు. మందు ఇస్తారు. 14వ రోజున ఎముక తీసి మైక్రో సీటీలో కొలుస్తారు. మనిషిలో రజను ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా వస్తుంది, ఎముక మీద శరీర బరువు పడుతుంది, కీలులో ద్రవం పంపులా కదులుతూ రజనును సందుల్లోకి నెడుతుంది. రోగి వయసు 65, 70. పుర్రె మీద ఇవేవీ ఉండవు. పైగా ఎలుకకు రజనూ మందూ దాదాపు ఒకేసారి ఇస్తారు. అది నివారణ. మనిషి వచ్చేసరికి గుంట పడి ఉంటుంది.

ప్రయోగం లోపలే ఒక మోసకారి ఉంది. అది ఎండోటాక్సిన్. పొడి మీద బ్యాక్టీరియా గోడల ముక్కలు అంటుకుని ఉంటే ఇన్‌ఫ్లమేషన్ వాటివల్లే రావచ్చు. అప్పుడు మందు ఆపింది రజను ప్రభావాన్నా, ఎండోటాక్సిన్ ప్రభావాన్నా చెప్పలేం. ఎండోటాక్సిన్‌ను పట్టే లాల్ పరీక్షతో పొడిని శుభ్రమని తేల్చకుండా రాసిన ఫలితాన్ని జాగ్రత్తగా చదవాలి.

తయారీ ఇంకో గండం. ల్యాబ్‌లో 5 మి.లీ. చేసినప్పుడు 120 నానోమీటర్లు వచ్చిన కణం, 5 లీటర్లు చేస్తే 300కి పోవచ్చు. 0.22 మైక్రాన్ల ఫిల్టర్‌తోనే సూక్ష్మజీవులను తొలగించాలంటే పెద్ద కణాలు ఫిల్టర్‌లోనే ఆగిపోతాయి. వేడితో శుద్ధి చేస్తే పీఎల్‌జీఏ మెత్తబడి అతుక్కుంటుంది. ఆరబెట్టేటప్పుడు ట్రెహలోజ్ వంటి చక్కెర కలపకపోతే తిరిగి నీళ్లు పోసినప్పుడు ముద్దలవుతాయి.

కీలులోకే నేరుగా ఇంజెక్షన్ ఇస్తే?

మామూలు మందు కీలులోంచి గంటల్లో రక్తంలోకి వెళ్లిపోతుంది. చిన్న నానో కణాలూ త్వరగానే జారుకుంటాయి. మైక్రాన్లలో ఉండేవి వారాలు నిలుస్తాయి. 2017లో అమెరికాలో ఆమోదం పొందిన ట్రయామ్‌సినలోన్ అనే స్టెరాయిడ్ నింపిన పీఎల్‌జీఏ ఇంజెక్షన్, 32 మి.గ్రా., అలాంటిదే. అది నానో కాదు, మైక్రో. అది ఇచ్చేదీ అరిగిన సొంత మోకీలుకు. మార్చిన కీలులో సూది గుచ్చితే లోహం మీద బ్యాక్టీరియా స్థిరపడే ముప్పు ఉంది. అందుకే పరీక్ష కోసం నీరు తీయడం తప్ప, మార్చిన కీలులో స్టెరాయిడ్ ఇంజెక్షన్ సాధారణంగా వద్దంటారు.

ఒక ఆసుపత్రిలో ‘నానో ఇంజెక్షన్‌తో రివిజన్ అక్కర్లేదు’ అన్నారు. ఏం అడగాలి?

మందు పేరు, అందులో ఏముందో కాగితం మీద అడగండి. ట్రయల్ అంటే క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ ఇండియాలో సీటీఆర్‌ఐ అక్షరాలతో మొదలయ్యే నంబరు ఉండాలి. ఆ నంబరు ఆన్‌లైన్‌లో ఎవరైనా ఉచితంగా చూడొచ్చు. ఎథిక్స్ కమిటీ అనుమతి, మీకు అర్థమయ్యే తెలుగులో సమ్మతి పత్రం ఉండాలి. పరిశోధన ఖర్చు రోగి మీద వేయకూడదు. ట్రయల్ వల్ల హాని జరిగితే వైద్యం, పరిహారం 2019 నిబంధనల ప్రకారం మీ హక్కు. అదే ఏడాది నానో మందుల మూల్యాంకనానికి కేంద్రం ప్రత్యేక మార్గదర్శకాలూ ఇచ్చింది. వీటిలో ఏదీ చూపించకుండా డబ్బు అడిగితే వద్దనండి.

మరి ఇప్పుడు నిజంగా పనికొచ్చేది ఏమిటి?

రజను పుట్టే చోటును సరిచేయడం. 1990ల చివర్లో వచ్చిన హైలీ క్రాస్‌లింక్డ్ పాలిథిలిన్‌ను 50 నుంచి 100 కిలోగ్రే రేడియేషన్‌తో గట్టిపరుస్తారు. తుంటిలో ఆస్టియోలైసిస్‌ను అది ఏ మందూ తగ్గించనంత తగ్గించింది. మోకీలులో దాని లాభం అంత స్పష్టంగా లేదు. కొత్తగా తుంటి మార్పిడికి వెళ్తుంటే లైనర్ ఏ రకమో అడగండి.

ఇప్పటికే గుంట పడి, లోహపు గిన్నె మాత్రం ఎముకలో గట్టిగా ఉంటే లైనర్, బంతి మాత్రం మార్చి, గుంటలో ఎముక పొడి నింపవచ్చు. ఇది చిన్న సర్జరీ. ఆలస్యమై గిన్నె కదిలితే మొత్తం తీసి, పోయిన ఎముక స్థానంలో లోహపు దిమ్మెలు పెట్టాల్సి వస్తుంది. నానో మందులు వచ్చిన రోజున కూడా వాటి స్థానం ఇక్కడే ఉండొచ్చు: రివిజన్‌కు ముందు ఎముకను నిలబెట్టడం, కొత్తగా నింపిన ఎముక కరగకుండా చూడటం. అరిగిన లైనర్‌ను అవి మార్చలేవు.

ఏం దాచుకోవాలి, ఎప్పుడు వెళ్లాలి?

ఇంప్లాంట్ స్టిక్కర్ అంటించిన కాగితం, ఆపరేషన్ తర్వాతి మొదటి ఎక్స్‌రే, ఏడాది తర్వాతిది జాగ్రత్త చేయండి. ఫిల్మ్ కాకుండా సీడీగా అడిగి తీసుకుంటే కొలవడం తేలిక. అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్లేవాళ్లు ఇవి ఫోన్‌లో కూడా ఉంచుకోండి. తర్వాతి ఎక్స్‌రేలు ఎన్నేళ్లకోసారో మీ సర్జన్ ఇంప్లాంట్ రకాన్ని బట్టి చెబుతారు. నొప్పి లేదని ఆ తేదీ దాటవేయవద్దు.

గజ్జలో కొత్త నొప్పి, కుర్చీలోంచి లేచి మొదటి అడుగులు వేసేటప్పుడు తొడలో నొప్పి, కాలు పొట్టి అయినట్టు అనిపించడం, కీలు నుంచి కొత్త చప్పుడు ఉంటే వారంలోపు చూపించండి. జ్వరం, కీలు ఎర్రబడటం, మచ్చ దగ్గర నీరు కారడం, లేదా ఉన్నట్టుండి కాలు మోపలేకపోవడం అయితే అదే రోజు వెళ్లండి. చూపించేదాకా ఆ కాలు మీద బరువు వేయకండి, మిగిలిపోయిన యాంటీబయాటిక్ ఇంట్లో ఉందని మొదలుపెట్టకండి.